గొలుసుకట్టు

ఏడు రోడ్ల కూడలి, దండాసి కొట్టు.
రోజుకి మూడు రూపాయల అద్దె.
అట్ట మీద తాళంకప్ప, దాని వెనక ఉపగ్రహం,
ఆ వెనక నల్ల కళ్ళద్దాల్లో ఎవడో.
"ఇది సదివీసినారు మేడమ్," అంటాడు దండాసి,
"ఆకరికి ఆ పెద్దాఫీసరే దొంగ."
నిజమే, చదివేశాను.
అయినా ఇమ్మంటాను.

మధ్యాహ్నం రికార్డు రూములో
నిచ్చెన మూడో మెట్టు మీద కూర్చుంటాను.
ఒళ్ళో టిఫిను డబ్బా, డబ్బా మూత మీద
నూట పన్నెండో పేజీ.
అక్కడొక అమ్మాయి, నా వయసుదే,
చల్లారిన కాఫీ పక్కన పెట్టుకుని
అంకెల ముందు కళ్ళు కాయలు కాసేలా కూర్చుంది.
ఊరు పేలడానికి ఇంకా పదకొండు గంటలు.
నా చుట్టూ తొమ్మిది వందల కట్టలు, ఎర్రగుడ్డ మూటలు.
ఏదీ పేలదు.

"ఏటమ్మా ఈ పిచ్చి?" అన్నారు సూపరింటెండెంటు నీలాచలం గారు.
ఏం చెప్పను?
ఆ పుస్తకాల్లో ప్రభుత్వం దాస్తుంది సార్.
దాచాలంటే శ్రద్ధుండాలి.
ఎవరో రాత్రిళ్ళు మేలుకుని
ఒక్కో అక్షరాన్నీ ఇంకో అక్షరం చాటున నిలబెడతారు,
పసిపిల్లకి పరికిణీ కుట్టినంత జాగ్రత్తగా.
మన దగ్గర దాచరు.
కట్ట మీద కట్ట పెడతారు.
మిగతా పని చెదలు చూసుకుంటాయి.
ఆయన నవ్వారు.
నా సెలవు చీటీ మీద మాత్రం సంతకం పెట్టలేదు.

సోమవారం హిరమండలం అవతల నుంచి
రేపాక సూరమ్మ వచ్చింది, ప్లాస్టిక్ కవరు గుండెకి హత్తుకుని.
"మా తాత పేరుందంత ఇందల.
నాలుగాఫీసులు తిరిగినాను. ఎవులికీ సదవడం రాదు."
పాత కరణం గొలుసుకట్టు.
కలం ఎత్తితే జరిమానా అన్నట్టు
పేజీ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే పురుగు పాకినట్టుంది.
దీన్ని చదవగలిగిన ఆఖరాయన, మా పైడయ్య గారు,
పోయి ఆరేళ్ళు.

అప్పుడు గుర్తొచ్చింది నూట పన్నెండో పేజీ.
ఎక్కువసార్లు వచ్చే గుర్తుని ముందు పట్టుకోవాలి.
ప్రతి వరుసలోనూ తల వంచి కూర్చున్న ఆ మెలిక ఏమిటి?
య.
యకరం లోని య.
దాని తోక పట్టుకుంటే సెంట్లు చిక్కాయి,
సెంట్ల పక్కన పల్లం, పల్లం పక్కన కాలువగట్టు.
మూడు మధ్యాహ్నాలు అన్నం చల్లారింది.
నిచ్చెన మీద నాకు తెలియకుండానే కాళ్ళు ఊపాను.
గురువారం మూడు గంటలకి పేరు విడింది.
తాత కాదు.
"పోలి. య 1-08. పల్లం."

సూరమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
"తాతని కన్న ముసిల్ది," అంది.
"ఆవిడ పేరు మా ఇంట్లో ఎవులూ ఎత్తరు."
ఎందుకని అడిగాను.
చీర కొంగు సర్దుకుంది. కిటికీలోంచి సైకిల్ స్టాండు చూసింది.
ఎండ ఎక్కువగా ఉందంది.
పదకొండేళ్ళ సర్వీసులో మొదటిసారి
నా బల్ల ముందు ఒకరు శ్రద్ధగా దాచడం చూశాను.
దానికి ఏ మెలిక పట్టుకోవాలో
ఏ పేజీలోనూ లేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.
"పోలమ్మ అని రాయమ్మా. పోలి అంతే బాగోదు."
నకలు ఉన్నది ఉన్నట్టే ఉండాలి. రూలు.
పోలి అనే రాశాను.
లి దగ్గర కలం ఎత్తడానికి
నాకు చాలాసేపు పట్టింది.

సాయంత్రం దండాసి నాలుగు రోజుల ఆలస్యానికి
పన్నెండు రూపాయలు తీసుకున్నాడు.
"కొత్తదొచ్చింది మేడమ్," అన్నాడు.
అట్ట మీద తాళంకప్ప, ముందుదాని కంటే పెద్దది.
ఇమ్మన్నాను.